తెల్లకొంగ మార్కు తలకట్టు

తణుకు నుంచి బస్సులో అరగంట వెళితే వచ్చే ఊళ్ళో, మిషనువాళ్ళ బాలికల హైస్కూల్లో, నేను డ్రాయింగ్ టీచరుగా ఆరేళ్ళు పనిచేశాను. డ్రాయింగ్ పీరియడ్ అంటే ఆ రోజుల్లో ఎవరికి కావలిస్తే వాళ్ళు తీసేసుకునే పీరియడ్. పరీక్షలు దగ్గర పడితే లెక్కల టీచరు, మిగతా రోజుల్లో ఇంగ్లీషు టీచరు. నాకు మిగిలేది స్వాగతం బోర్డులు రాయడం, క్రిస్మసుకి అట్టముక్కలతో నక్షత్రాలు కత్తిరించడం, ఇన్‌స్పెక్టరుగారు వచ్చినప్పుడు నల్లబల్ల మీద రంగుసుద్దలతో తామరపువ్వు వెయ్యడం. డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్ష పాసై వచ్చానన్న గర్వం మొదటి ఏడాదిలోనే కాస్త చల్లారింది. అయినా అక్షరాలు రాయడమంటే నాకు ఇష్టం. బొమ్మ కంటే అక్షరం వేసేటప్పుడే నా చెయ్యి కుదురుగా ఉండేది.

ఒక రోజు మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్‌గారు కబురు పెడితే ఆఫీసు గదికి వెళ్ళాను. అక్కడ కాలవ గట్టు మీది రైసుమిల్లు షావుకారుగారు కూర్చుని ఉన్నారు. ఆయన రెండో అమ్మాయి మా స్కూల్లోనే తొమ్మిదో తరగతి. అమ్మాయి సంగతేమో అనుకున్నాను. ఆయన కాళ్ళ దగ్గర మడతపెట్టిన గోనెసంచులు నాలుగున్నాయి.

"టీచరుగారండీ, మీరు అక్షరాలు బాగా రాస్తారని మా అమ్మాయి చెప్పిందండి" అన్నారు. "చిన్న పని. చిన్నదో పెద్దదో మీరు చూసి చెప్పాలి."

సంచులు ఒక్కొక్కటే విప్పి నేల మీద పరిచారు. ఆయన మిల్లు నుంచి ఉప్పుడు బియ్యం వ్యాగన్లలో కేరళకు వెళ్ళేది. ప్రతి బస్తా మీద నీలం సిరాతో 'తెల్లకొంగ మార్కు' అని ముద్ర. బొమ్మేమీ ఉండదు, అక్షరాలే. రేకులో అక్షరాలు కోసి, ఆ రేకును బస్తా మీద పెట్టి, పైన సిరా కుంచెతో రుద్దితే ముద్ర పడుతుంది. ఆ రేకు తుప్పు పట్టి అరిగినప్పుడల్లా, పాతదాని మీద కొత్త రేకు పెట్టి గీసుకుని ఇంకొకటి కోయించేవారు. ఆయన నాన్నగారి కాలం నుంచీ అలాగే జరుగుతోంది. నకలు, నకలుకు నకలు, దానికి ఇంకో నకలు.

"ఇప్పుడేమైందంటేనండీ," అని జేబులోంచి ఉత్తరం తీశారు. కేరళలో బియ్యం దించుకునే వర్తకుడు ఇంగ్లీషులో రాయించిన ఉత్తరం. ఈసారి వచ్చిన బస్తాల మీద ఉన్న మార్కు మీది కాదని మా దుకాణాలవాళ్ళు అంటున్నారు, మీ పేరుతో వేరే ఎవరో పంపుతున్నారేమోనని అనుమానపడుతున్నారు, మొదటి మాట చివరి అక్షరం మీది రెక్క ఏమైందని అడుగుతున్నారు - అదీ సారాంశం.

"వాళ్ళకి తెలుగు రాదు కదండీ" అన్నాను.

"అదేనండి మరి. చదవరు, చూస్తారు. ఆ రెక్క ఏంటో మాకే తెలీదు."

నాలుగు సంచుల్లో ఒకటి బాగా పాతది. మిల్లు గోడౌనులో తౌడు కింద పరిచిన సంచి. దాని మీద ముద్ర వెలిసిపోయింది, గోనె పోగుల్లో సిరా పాకి అక్షరాల అంచులన్నీ ఉబ్బిపోయాయి. అయినా 'కొంగ' చివరి 'గ' మీద తలకట్టు మాత్రం మామూలుగా లేదని తెలుస్తోంది. మనం రాసే తలకట్టు చిన్న టిక్కు. ఇది కుడివైపుకు పొడుగ్గా సాగి, అక్షరమంతటినీ దాటిపోయి, కొసన సన్నగా తేలింది. మిగతా మూడు సంచుల మీద అది వరసగా పొట్టిదై, ఆఖరి దాని మీద ఎవరో సైన్‌బోర్డులో రాసినట్టు మామూలు టిక్కు అయిపోయింది. 'ల్ల' కింద ఉన్న ఒత్తు కూడా ఒక్కో సంచికి ఒక్కో చోట ఉంది.

పాత రేకు కూడా తెచ్చారు. అందులో 'తె' ఒక్కటే నిలిచింది. మిగతాదంతా తుప్పు తినేసింది.

వారం పట్టినా పరవాలేదు కదా అని ఒప్పుకుని, సంచులు ఇంటికి తెచ్చుకున్నాను. స్కూలు ఎదురుగా ఒక గది, వంటకు చిన్న పంచ. గోడకు సంచి తగిలించి, పక్కన కాగితం పెట్టి, ఉబ్బిన సిరా లోపల అసలు గీత ఎక్కడుందో వెతుక్కుంటూ గీశాను. నాలుగు రోజుల తరవాత నాకే ముచ్చటేసింది. అక్షరాలన్నీ ఒక ఎత్తు, ఒక లావు. తలకట్టు పొడుగ్గానే పెట్టాను గానీ, మరీ మీదికి దూకుతున్నట్టుందని కాస్త తగ్గించాను. 'ల్ల' ఒత్తును తిన్నగా కిందికి జరిపాను.

షావుకారుగారు ఆ కాగితం చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశారు.

"చాలా బాగుందండి" అన్నారు. "కానీ ఇది మాది కాదండి."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆయన అన్నది నిజం. నేను వాళ్ళ అక్షరాలను దిద్దాను. పిల్లల కాపీ పుస్తకం దిద్దినట్టు దిద్దాను.

అప్పుడు నాకు తట్టింది, ఈ అక్షరాలు ఎక్కడో ఒక చోట నుంచి వచ్చి ఉంటాయి కదా, ఏదో ప్రెస్సు టైపు అయితే ఆ టైపే తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని. ఆ శనివారం రాజమండ్రి బస్సెక్కాను. కొవ్వూరు దగ్గర బ్రిడ్జి మీద బస్సులు తిరగడం మొదలై అప్పటికి నాలుగైదేళ్ళే. కింద గోదారి నీళ్ళు తగ్గి ఇసక తిన్నెలు తేలి ఉన్నాయి. మా స్కూలు ప్రశ్నపత్రాలు అచ్చువేసే ప్రెస్సు మెయిన్ రోడ్డుకు వెనకవీధిలో ఉండేది. అక్కడ పెద్ద కంపోజిటరుగారు నాకు తెలుసు. ముఫ్ఫై ఏళ్ళుగా సీసం అక్షరాలు ఏరి కూర్చినవారు, వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి.

ఆయన నా దగ్గర ఉన్న సంచి ముక్కను, రేకు ముక్కను బల్ల మీద పెట్టుకుని కళ్ళజోడు పైకి తోసి చూశారు. తరవాత నన్ను అక్షరాల కేసుల దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కో సొరుగూ లాగి 'గ'లు చూపించారు. సన్నవి, లావువి, వాల్‌పోస్టర్లకు వాడే చెక్క అక్షరాలు. అక్షరాలు పోతపోసే మద్రాసు ఫౌండ్రీవాళ్ళ నమూనా పుస్తకం కూడా తెచ్చి పేజీ పేజీ తిప్పాం. ఏదీ కలవలేదు.

"ఇది సీసం అక్షరం కాదమ్మా" అన్నారు చివరికి. "ఇంత తలకట్టు పక్కకి వేలాడితే, రెండు ఫారాలు అచ్చు లాగేసరికి పుటుక్కున విరిగిపోద్ది. ఏ ఫౌండ్రీవాడూ ఇలా పొయ్యడు."

"పోనీ బోర్డులు రాసేవాళ్ళు ఎవరైనా రాసి ఉంటారాండీ?"

ఆయన రేకులోని 'తె'ను వేలితో తడిమారు. "కుంచె పెట్టిన చోటా ఎత్తిన చోటా గుండ్రంగా ఉంటదమ్మా. ఇక్కడ చూడు, గీత మొదలైన చోట కోసుగా ఉంది. ఇది కుంచె పట్టుకున్నవాడి చెయ్యి కాదు. ఏదో పోటు పెట్టి మొదలెట్టాడు."

పోటు అంటే ఏంటో నాకు అర్థం కాలేదు. ఆయనకూ అంతకు మించి తెలియదు. టీ తెప్పించారు, తాగి వచ్చేశాను. షావుకారుగారితో, ఇంకొన్నాళ్ళు ఆగండి అని మాత్రం చెప్పాను. ఆయన ఆగారు. ఆ నెల బియ్యం మార్కు లేని సంచుల్లో, చీటీలు కట్టి పంపారని తరవాత తెలిసింది.

సమాధుల పండుగ దగ్గరకు వచ్చింది. మేము లూథరన్ సంఘంవాళ్ళం. ప్రతి ఏటా ఆ పండుగకు ముందు మా సమాధుల తోటలో పెద్దవాళ్ళ సమాధులు శుభ్రం చేసి, సున్నం వేసి, పండుగ సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తాం. మా నాయనమ్మ సమాధి ఆ ఊళ్ళోనే ఉంది. తాతగారు అక్కడ కొన్నాళ్ళు బడిలో పంతులుగా చేశారు. అమ్మావాళ్ళు కాకినాడలో ఉండేవాళ్ళు కనక ఆ పని నాదే. ముందురోజు ఉదయాన్నే బకెట్టు, కొబ్బరిపీచు, పాత చాకు తీసుకుని వెళ్ళాను.

ఏటేటా వేసిన సున్నం పొరలు పొరలుగా రాతి అక్షరాల్లో కూరుకుపోయింది. అంతకు ముందు ఏళ్ళలో నేనూ అందరిలాగే పైన సున్నం కొట్టి వచ్చేదాన్ని. ఆ ఏడు ఎందుకో అక్షరాలు కనిపించేలా గీకుదామనిపించింది. అక్షరాల మీదే మనసుండటం వల్ల కావచ్చు. చాకుతో పొర లేపుతుంటే మొదట 'తల్లి' అన్న మాట బయటపడింది.

'త' మీద తలకట్టు కుడివైపుకు సాగి, పక్కనున్న 'ల్లి' నెత్తి దాకా వచ్చింది.

చాకు పక్కన పెట్టి కొబ్బరిపీచు తీసుకుని కింది వరస గబగబా రుద్దాను. 'యుగయుగములు' అన్న మాట వచ్చింది. అందులో 'గ' రెండుసార్లు ఉంది. రెండింటి మీదా అదే రెక్క. గీత మొదట్లో ఉలి దిగిన చోట కోసుగా ఉంది. కంపోజిటరుగారు పోటు అన్నది ఇదే.

ఆ పూట తోటంతా తిరిగాను. అన్నీ అలా లేవు. అదే చేతి రాళ్ళు పదకొండో పన్నెండో ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకే కాలానివి. స్కూలుకు పరుగెత్తి కాగితాలు, నల్ల క్రేయాన్లు తెచ్చాను. రాయి మీద కాగితం పరిచి పైన క్రేయానుతో రుద్దితే, చెక్కిన చోటు తెల్లగా నిలిచి అక్షరం దిగుతుంది. 'ల్లి' ఒత్తు నాయనమ్మ దగ్గర దొరికింది. 'కొ' ఒక పసిబిడ్డ రాయి మీద, 'పునరుత్థానము కొరకు' అన్నచోట దొరికింది. 'మార్కు'లోని అక్షరాలు అటూ ఇటూ ఏరుకున్నాను. సున్నం వెయ్యడానికి వచ్చినవాళ్ళు నన్ను చూసి, టీచరమ్మగారికి ఏమైందోనన్నట్టు తప్పుకుని వెళ్ళారు.

ఆ రాళ్ళు చెక్కింది ఎవరని మా పాస్టరు అయ్యగారిని అడిగితే, ఆయన కొత్తగా వచ్చినవారు, తెలియదన్నారు. తోట కాపలాదారు చెప్పాడు. చెక్కినాయన పోయి చాలా ఏళ్ళయింది, కూతురు మిషను ఆసుపత్రిలో ఆయాగా చేస్తోంది. ఆవిణ్ణి నేను ప్రతి ఆదివారం గుడిలో చూస్తున్నాను, మూడో వరసలో కూర్చునేది. యాభై దాటిన మనిషి, తెల్లచీర.

ఆసుపత్రి వరండాలో కాగితాలు విప్పి చూపించగానే ఆవిడ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"మా నాన్నవేనండి. ఎక్కడున్నా చెప్పేస్తాను."

"ఈ తలకట్టు ఇంత పొడుగ్గా ఎందుకు పెట్టేవారండీ?"

"పెద్దయ్యాక చదువు నేర్చుకున్నారండి. అయ్యగారి వరండాలో కూర్చుని బైబిలు కూడబలుక్కునేవారు. తలకట్టు మర్చిపోతే పంతులుగారు నెత్తి మీద మొట్టేవారంట. అందుకని అది మాత్రం అందరికీ కనపడేలా పెట్టేవారు. పెట్టేసి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకునేవారండి, ఇలాగ." ఆవిడ లేచి రెండడుగులు వెనక్కి జరిగి, తల ఒక పక్కకు వాల్చి చూపించింది.

బియ్యం మిల్లుకు అక్షరాలు రాసిచ్చిన సంగతి మాత్రం ఆవిడకు తెలియదు.

ఇక షావుకారుగారికి చెప్పాలి. ఎక్కడ దొరికాయో చెప్పకుండా అక్షరాలు మాత్రం ఇచ్చేస్తే ఏ గొడవా ఉండదు, నిజమే. ఒక రోజంతా ఆలోచించాను. వాళ్ళది వర్తకుల కుటుంబం, శకునం చూడకుండా గుమ్మం దాటరు. అన్నం తినే బియ్యం మీద సమాధి అక్షరాలంటే ఎలా ఉంటుంది? కానీ రేపు ఎవరో ఒకరు సమాధుల తోటలో చూసి చెబితే, నేను దాచానన్న మాట మిగులుతుంది. ఆయన స్కూలుకు వచ్చినప్పుడు కాగితాలు ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన 'గ' చూసి నవ్వబోయారు. తరవాత నేను చెప్పింది చెవికెక్కింది.

"సమాధుల మీదివాండీ?"

"అవునండి."

"బియ్యం బస్తా మీదకి..." అని ఆగిపోయారు. నన్ను నొప్పించకూడదని ఆయన పడుతున్న అవస్థ నాకు కనిపిస్తూనే ఉంది. "ఇంట్లో ఓ మాట అడిగి చెప్తానండి" అని లేచారు. కాగితాలు తీసుకెళ్ళలేదు.

రెండు రోజులు కబురు లేదు. నాకు బాధగానే ఉంది. ఆయన మీద కాదు. ఆ కాగితాలు బల్ల మీద అలా పడి ఉంటే మా నాయనమ్మను ఎవరో గుమ్మంలోంచి పంపేసినట్టు అనిపించింది. మూడో రోజు వాళ్ళ అమ్మాయి క్లాసు అయ్యాక దగ్గరికొచ్చి, "టీచర్, మా మామ్మ మిమ్మల్ని రమ్మంటోంది, కాగితాలు కూడా తెమ్మంది" అంది.

మిల్లు పక్కనే ఇల్లు. హాల్లో నాకు కుర్చీ వేశారు. షావుకారుగారి తల్లి, డెబ్భై దాటిన ఆవిడ, ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఉన్నారు. కాగితాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశారు.

"ఇదే" అన్నారు. "అతను బొగ్గుతో గీసింది ఇదే."

షావుకారుగారు ఆశ్చర్యపోయారు. "నీకు తెలుసా అమ్మా? నెల్లాళ్ళుగా తిరుగుతున్నాం కదా, చెప్పవేం?"

"నన్నెవరడిగారు? మీ మిల్లు సంగతులు నాకెప్పుడైనా చెప్పారా?" అని, నా వైపు తిరిగి చెప్పారు. "మిల్లు పెట్టిన కొత్తలో మెట్లకి రాళ్ళు పరవడానికి వచ్చాడమ్మాయ్ అతను. మార్కు రాయించాలని మా ఆయన అంటూ ఉంటే, నేను రాస్తానండి అన్నాడు. లోపలికి రాలేదు. రమ్మనేవాళ్ళం కాదులే ఆ రోజుల్లో. అదిగో, ఆ చూరు కింద గచ్చు మీద బొగ్గుతో రాశాడు. మా ఆయన దాని మీద కాగితం వేసి దింపించుకున్నారు. నేను తలుపు పక్కనుంచి చూశాను. రాసేసి, వెనక్కి జరిగి చూసుకున్నాడు."

ఆ రెండడుగులు ఆసుపత్రి వరండాలో చూసి వారమైనా కాలేదు.

షావుకారుగారు నెమ్మదిగా అన్నారు. "కానీ అమ్మా, సమాధుల మీదివి..."

"సమాధుల మీద ముందు రాశాడో, మన గచ్చు మీద ముందు రాశాడో ఎవడు చూశాడ్రా? ఇన్నేళ్ళూ ఆ అక్షరాలు మోసిన బియ్యమే కదా తిన్నాం. మనకేం తక్కువైంది?" అని, ఆగి, "ఒక చెయ్యి గలవాడు ఒకలాగే రాస్తాడు. బతికినవాళ్ళకొకటి, పోయినవాళ్ళకొకటి రాస్తాడా?" అన్నారు.

షావుకారుగారు కాగితం తీసుకుని, ఎదురుగా గోడకు ఆనించి పెట్టి చూశారు. కాసేపటికి, "ఈసారి ఇత్తడి రేకు మీద కోయిద్దామండి, తుప్పు పట్టదు" అన్నారు.

అక్షరాలను రేకుకు సరిపడేలా మార్చడం నా పని. రాతి మీద లేని ఇబ్బంది రేకు మీద ఉంది. 'గ' లాంటివి పరవాలేదు గానీ, సున్నా లాంటి చుట్టు కోస్తే మధ్యముక్క ఊడి కింద పడిపోతుంది. పడకుండా సన్నటి పట్టీ ఒకటి వదలాలి. ఆ పట్టీ ఎక్కడ వదిలితే అక్షరం తక్కువ పాడవుతుందోనని పది కాగితాలు ఖరాబు చేశాను. తలకట్టును మాత్రం ఒక్క నూలు కూడా కదపలేదు. 'ల్ల' ఒత్తు నా కంటికి వంకరగానే ఉంది. వంకరగానే ఉంచాను. ఇత్తడిపని ఆచారిగారు దాన్ని రెండు రోజుల్లో కోసి, అంచులు ఆకురాయితో నున్నగా రుద్ది ఇచ్చారు.

కేరళ నుంచి ఈసారి కార్డు వచ్చింది. సరుకు అందింది, మార్కు సరిగ్గా ఉంది, ఇక మీదట మార్చవద్దు - అంతే ఉంది అందులో. షావుకారుగారు ఆ కార్డు పట్టుకుని స్కూలుకు వచ్చి, హెడ్‌మిస్ట్రెస్‌గారికి చదివి వినిపించి మరీ వెళ్ళారు. ఆ ఏడాది నా డ్రాయింగ్ పీరియడ్లను ఎవరూ తీసుకోలేదు.

చెక్కినాయన కూతుర్ని మిల్లుకు నేనే తీసుకెళ్ళాను. రానంది మొదట. మనకెందుకండీ అంది. ఆదివారం ఆరాధన అయ్యాక నడిపించుకుంటూ వెళ్ళాను. ఆ రోజు వ్యాగనుకు లోడు వెళ్ళాలి, పని నడుస్తోంది. వరసగా నిలబెట్టిన బస్తాల మీద ఒకతను రేకు పెట్టి కుంచెతో రుద్ది, రేకు ఎత్తుతున్నాడు. ఎత్తిన ప్రతిసారీ నీలం అక్షరాలు తడితడిగా మెరుస్తున్నాయి. ఆవిడ దగ్గరికి వెళ్ళి, ముట్టుకోబోయి, సిరా అంటుతుందని చెయ్యి వెనక్కి తీసుకుంది.

పెద్దావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "నువ్వేనా అతని కూతురివి?" అన్నారు.

"ఆయ్, అవునండి."

"లోపలికి రా" అన్నారు పెద్దావిడ. కూతురు నా వైపు చూసింది. నేను ముందు నడిచాను. హాల్లో ఇద్దరికీ కుర్చీలు వేయించారు, మజ్జిగ ఇప్పించారు. పెద్దావిడా, ఆవిడా ఆసుపత్రి గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. చెక్కినాయన మాట మళ్ళీ రాలేదు. బయలుదేరేటప్పుడు మాత్రం కూతురు షావుకారుగారిని, ఒక కాగితం మీద ఆ మార్కు కొట్టివ్వగలరా అని అడిగింది. ఆయన కాగితం వద్దని, కొత్త మల్లుగుడ్డ ముక్క తెప్పించి, రేకు స్వయంగా పట్టుకుని కొట్టించారు.

సిరా ఇంకా ఆరలేదు. మడతపెడితే అంటుకుంటుందని ఆవిడ ఆ గుడ్డను రెండు కొసలా పట్టుకుని, తెల్లచీరకు తగలకుండా చేతులు ముందుకు చాచి, కాలవ గట్టు మీద నడిచింది. ఎండ బాగా ఉంది. ఎదురొచ్చినవాళ్ళు పక్కకు తొలిగి, ఏంటండీ అది అని అడుగుతున్నారు. "మా నాన్న రాతండి" అని ఆవిడ అందరికీ చెప్పుకుంటూ వెళ్ళింది.